తమంతట తాము పోగులుగా అల్లుకునే ప్రోటీన్లు: అల్జీమర్స్ గుట్టు కోసం ప్రకృతిలో లేని ప్రోటీన్లను ఎందుకు తయారు చేస్తున్నారు?

ఒర్లియంపేట, పుదుచ్చేరి: అల్జీమర్స్‌తో చనిపోయిన మనిషి మెదడు ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే రెండు విషయాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. నాడీకణాల బయట 'అమిలాయిడ్ బీటా' అనే ప్రోటీన్ గడ్డలు. కణాల లోపల 'టౌ' అనే మరో ప్రోటీన్ చిక్కుముళ్లు.

జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో వీటి గురించి తోటి వైద్యులకు వివరించారు. నూరేళ్లు దాటినా ఒక ప్రశ్నకు మాత్రం పూర్తి సమాధానం రాలేదు. ప్రోటీన్లు పేరుకోవడం వల్ల కణాలు చనిపోతున్నాయా? లేక కణాలు దెబ్బతినడం వల్ల ప్రోటీన్లు పేరుకుంటున్నాయా?

దీనికి జవాబు కోసం కొందరు శాస్త్రవేత్తలు ఎంచుకున్న దారి మొదట వింతగా అనిపిస్తుంది. ఏ రోగంతోనూ సంబంధం లేని, ప్రకృతిలో ఎక్కడా లేని ప్రోటీన్లను వాళ్లే రూపొందించారు. అవి తమంతట తాము పేరుకునేలా చేసి, కణానికి ఏమవుతుందో చూశారు. పేరుకునే ప్రోటీన్లను అడ్డుకునే 'కాపలా' ప్రోటీన్ల నిర్మాణాన్ని మార్చి చూసిన పని మన హైదరాబాద్‌లోనూ జరిగింది.

ఈ పరిశోధన ఏమిటి? ఇప్పటివరకు ఏం తేలింది? రోగుల కుటుంబాలకు దీనివల్ల ఒరిగేదేమిటి?

ఎంతమంది సమస్య ఇది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో 5.7 కోట్ల మంది డిమెన్షియాతో బతుకుతున్నారు. వారిలో ఎక్కువ మందికి కారణం అల్జీమర్సే.

భారత్‌లో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. "పెద్దతనం కదా, చాదస్తం" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకునే కేసులు ఇందులో చాలానే ఉంటాయి.

పార్కిన్సన్స్, హంటింగ్టన్స్ వంటి వ్యాధుల్లో కూడా ఏదో ఒక ప్రోటీన్ పేరుకుపోతుంది. పార్కిన్సన్స్‌లో అది ఆల్ఫా సైన్యూక్లిన్. హంటింగ్టన్స్‌లో హంటింగ్టిన్. ప్రోటీన్లు వేరు, దెబ్బతినే మెదడు భాగాలు వేరు. జరిగే పని మాత్రం ఒక్కలాగే కనిపిస్తుంది.

ప్రోటీన్లు ఎందుకు పేరుకుంటాయి?

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. 20 రకాల పూసలను ఒక వరుసలో గుచ్చినట్టు ఉంటుంది. కణంలో తయారైన వెంటనే ఆ దండ తనకు తగిన ఆకారంలోకి ముడుచుకుంటుంది. ఆ ఆకారమే దాని పనిని నిర్ణయిస్తుంది.

ఈ దండ ఎటుపడితే అటు వంగలేదు. ఏ కోణాల్లో వంగగలదో 1963లో మద్రాస్ యూనివర్సిటీలో జీఎన్ రామచంద్రన్, సి.రామకృష్ణన్, వి.శశిశేఖరన్ లెక్కగట్టారు. 'రామచంద్రన్ ప్లాట్' పేరుతో ఆ పటం ఇవాళ్టికీ జీవరసాయన శాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ఉంది. పుదుచ్చేరికి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో జరిగిన ఆ పని, ఆ తర్వాత ప్రోటీన్లను డిజైన్ చేసిన వారందరికీ పునాది.

దండ తీసుకోగల ఆకారాల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి స్ప్రింగులా చుట్టుకునే ఆల్ఫా హెలిక్స్. రెండోది దాదాపు నిటారుగా సాగే బీటా పోచ. బీటా పోచకు ఒక గుణం ఉంది. దాని అంచు పక్కనున్న మరో పోచను పట్టుకోగలదు. దాన్ని ఇంకొకటి పట్టుకుంటుంది. ఇలా పళ్లేల మీద పళ్లేలు పేర్చినట్టు పేరుకుంటూ పోతే తయారయ్యే పొడవాటి పోగే అమిలాయిడ్.

మామూలుగా ప్రోటీన్ ఈ అంచులను లోపల దాచుకుంటుంది. జన్యులోపం వల్లో, వయసు వల్లో, ఆ ప్రోటీన్ మోతాదు పెరగడం వల్లో అంచు బయటపడితే ప్రమాదం మొదలవుతుంది.

తేడా చాలా చిన్నదైనా ఫలితం పెద్దగా ఉంటుంది. అమిలాయిడ్ బీటాలో 40 అమైనో ఆమ్లాల రకం, 42 అమైనో ఆమ్లాల రకం ఉంటాయి. చివర్లో ఉన్న ఆ రెండు పూసల వల్లే రెండో రకం చాలా త్వరగా పేరుకుంటుంది.

పాలకు తోడు వేసినట్టు

మొదటి పోగు ఏర్పడటానికి చాలా సమయం పడుతుంది. ఒకసారి ఏర్పడ్డాక మిగతావి వేగంగా వచ్చి అతుక్కుంటాయి. తయారైన పోగు ముక్కను కొత్త ద్రావణంలో వేస్తే ఆలస్యం లేకుండా పని మొదలైపోతుంది. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు తోడు వేయడం లాంటిదే ఇది.

అయితే ఒక తేడా ఉంది. పాలలో తోడు పని చేయడానికి బ్యాక్టీరియా పెరగాలి. ఇక్కడ ప్రాణమున్నదేదీ లేదు. ఒక ఆకారం తన పక్కనున్న ప్రోటీన్‌ను తనలా మార్చుకుంటుంది, అంతే.

ల్యాబ్‌లో తయారుచేసిన ఆల్ఫా సైన్యూక్లిన్ పోగులను మామూలు ఎలుకల మెదడులోకి ఒక్కసారి ఎక్కించినప్పుడు ఏమైందో 2012లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ బృందం వెల్లడించింది. ఆ ఎలుకల సొంత ప్రోటీన్ కూడా పేరుకోవడం మొదలైంది. అది ఒక భాగం నుంచి మరో భాగానికి పాకింది. పార్కిన్సన్స్‌లో దెబ్బతినే డోపమైన్ కణాలు చనిపోయాయి. రోగి శరీరం నుంచి తీసిన పదార్థమేదీ లేకుండా, కేవలం ల్యాబ్‌లో అల్లుకున్న ప్రోటీనే ఆ పని చేసింది.

రోగి మెదడులో వెతికితే సరిపోదా?

సరిపోదు. రోగి మరణించే సమయానికి మెదడులో అన్నీ కలిసిపోయి ఉంటాయి. పొడవాటి పోగులు, కొన్ని ప్రోటీన్లే కలిసి ఏర్పడిన చిన్న గుంపులు, వాపు, చచ్చిన కణాల శిథిలాలు అన్నీ అక్కడే ఉంటాయి. వీటిలో దోషి ఏదో తేల్చడం కష్టం.

చాలామంది శాస్త్రవేత్తల అనుమానం పొడవాటి పోగుల మీద కాదు, 'ఒలిగోమర్లు' అనే చిన్న గుంపుల మీద. అవి నిలకడగా ఉండవు. విడదీసి చూసేలోపే రూపం మార్చుకుంటాయి. ఎలుకల్లో జ్ఞాపకశక్తిని దెబ్బతీసే ఒక ప్రత్యేకమైన అమిలాయిడ్ గుంపును కనుగొన్నామంటూ 2006లో 'నేచర్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. వేలసార్లు ఇతరులు దాన్ని ఉదహరించారు. చిత్రాలను మార్చారన్న ఆరోపణల తర్వాత 2024లో ఆ పత్రాన్ని ఉపసంహరించుకున్నారు. అమిలాయిడ్ సిద్ధాంతమంతా దానిమీదే నిలబడిందని కాదు. కానీ ఫలానా గుంపే దోషి అని తేల్చడం ఎంత కష్టమో ఆ ఉదంతం చూపించింది.

మందుల అనుభవం కూడా ఇదే చెబుతోంది. అమెరికా 2023లో పూర్తి అనుమతి ఇచ్చిన లెకానెమాబ్ అనే మందు మెదడులోని అమిలాయిడ్‌ను బాగా తగ్గిస్తుంది. 1,795 మందిపై 18 నెలలు జరిగిన పరీక్షలో, మందు తీసుకున్నవారిలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. నెమ్మదించింది కానీ ఆగలేదు. 18 పాయింట్ల కొలమానంలో రెండు వర్గాల మధ్య తేడా అర పాయింటు కంటే తక్కువే. మందు తీసుకున్నవారిలో దాదాపు 12.6 శాతం మందికి స్కానింగ్‌లో మెదడు వాపు కనిపించింది.

గడ్డలను తొలగించినా జబ్బు ఆగడం లేదంటే, హాని ఎక్కడ, ఎప్పుడు, ఎలా మొదలవుతోందో ఇంకా లోతుగా తెలియాలి. అందుకు ఒక్కో అంశాన్ని విడదీసి పరీక్షించాలి. డిజైన్ చేసిన ప్రోటీన్ల అవసరం అక్కడే వచ్చింది.

రోగంతో సంబంధం లేని ప్రోటీన్ కూడా విషమవుతుందా?

బ్రిటన్ శాస్త్రవేత్త క్రిస్టఫర్ డాబ్సన్ ఈ ప్రశ్న వేశారు. ఏ జబ్బుతోనూ సంబంధం లేని మామూలు ప్రోటీన్‌ను కూడా తగిన పరిస్థితుల్లో అమిలాయిడ్ పోగులుగా మార్చవచ్చని 1998లో ఆయన బృందం చూపించింది.

2002లో ఇటలీ శాస్త్రవేత్తలతో కలిసి మరో అడుగు ముందుకేశారు. అలాంటి ప్రోటీన్లు పేరుకునే తొలి దశలో ఏర్పడే గుంపులను ల్యాబ్‌లో పెంచిన కణాల మీద వేస్తే కణాలు దెబ్బతిన్నాయి. పొడవాటి పోగులుగా మారాక అంత హాని కనిపించలేదు.

అంటే విషం ఫలానా ప్రోటీన్ పేరులో లేదు. పేరుకునే తీరులో ఉంది. కానీ ఆ ప్రయోగంలో వాడినవి ప్రకృతిలో ఉన్న ప్రోటీన్లే. వాటికి సొంత పనులు, సొంత చరిత్ర ఉంటాయి. అవేవీ లేని ప్రోటీన్ ఉంటే జవాబు ఇంకా స్పష్టంగా వస్తుంది.

అలాంటి ప్రోటీన్‌ను ఎలా తయారు చేశారు?

అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ శాస్త్రవేత్త మైఖేల్ హెక్ట్ చాలా సులువైన సూత్రాన్ని వాడారు. అమైనో ఆమ్లాలను రెండు రకాలుగా విడదీశారు. నీటిని ఇష్టపడేవి ఒక రకం. నీటికి దూరంగా జరిగేవి రెండో రకం.

ఈ రెండింటినీ ఒకటి విడిచి ఒకటి గుచ్చితే దండ బీటా పోచలా సాగుతుంది. ఒక వైపంతా నీటిని ఇష్టపడే పూసలు, రెండో వైపంతా ఇష్టపడనివి చేరతాయి. నీటిని ఇష్టపడని ముఖాలు ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. ఫలానా అమైనో ఆమ్లమే ఉండాలన్న నియమం లేదు, వరుసలో ఆ లయ ఉంటే చాలు.

ఈ సూత్రంతో 63 అమైనో ఆమ్లాల ప్రోటీన్లను రూపొందించి, 1999లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లు అనుకున్నట్టే అవి తమంతట తాము అమిలాయిడ్ లాంటి పోగులుగా అల్లుకున్నాయి.

మరుసటి ఏడాది హెక్ట్ బృందం సహజ ప్రోటీన్ల వరుసలను గాలించింది. ఇలా ఒకటి విడిచి ఒకటి వచ్చే లయ ప్రకృతిలో ఉండాల్సినదాని కంటే తక్కువగా ఉందని గుర్తించింది. ప్రమాదకరమైన ఈ వరుసను పరిణామక్రమం ఏరి పక్కన పెట్టినట్టుంది.

2002లో అదే బృందం డిజైన్‌ను వెనక్కి తిప్పింది. అంచు పోచ మధ్యలో నీటికి దూరంగా జరిగే ఒక అమైనో ఆమ్లాన్ని తీసేసి, విద్యుదావేశం ఉండే లైసిన్‌ను పెట్టింది. పోగులు ఆగిపోయాయి. ప్రోటీన్లు విడివిడిగా ఉండిపోయాయి. ఒకే తాళానికి వేసే చెవి, తీసే చెవి రెండూ చేతికి వచ్చినట్టయింది.

వాటిని మనిషి కణాల్లోకి పంపితే ఏమైంది?

జర్మనీలోని మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఉల్రిచ్ హార్ట్‌ల్ బృందం ఆ పని చేసింది. హెక్ట్ రూపొందించిన బీటా ప్రోటీన్లలో మూడింటిని ల్యాబ్‌లో పెంచిన మనిషి కణాల్లో తయారయ్యేలా చేశారు. పోలిక కోసం, పేరుకోని ఆల్ఫా హెలిక్స్ డిజైన్ ప్రోటీన్‌ను కూడా వాడారు. ఫలితాలు 2011లో 'సెల్' పత్రికలో వచ్చాయి.

బీటా ప్రోటీన్లు కణాలకు హాని చేశాయి. ఆల్ఫా ప్రోటీన్ చేయలేదు. ఈ ప్రోటీన్లకు కణంలో చేయాల్సిన పనేమీ లేదు. కాబట్టి "అసలు పని మానేయడం వల్ల హాని జరిగింది" అనడానికి వీల్లేదు. హాని పేరుకోవడం వల్లే జరిగింది.

ఎలా జరిగిందో కూడా తెలిసింది. పేరుకునే గుంపులు కణంలోని ఇతర ప్రోటీన్లను పట్టుకుని తమతో లాక్కుపోతున్నాయి. అలా చిక్కుకున్నవాటిలో అప్పుడే తయారవుతున్నవి, స్థిరమైన ఆకారం లేని భాగాలున్నవి, కణంలో అనేక పనులతో ముడిపడినవి ఎక్కువ. మూడు డిజైన్లలో ఏది ఎక్కువ ప్రోటీన్లను పట్టుకుందో అదే ఎక్కువ హాని చేసింది.

2016లో ఇదే బృందం 'సైన్స్' పత్రికలో మరో విషయం బయటపెట్టింది. అదే డిజైన్ ప్రోటీన్‌ను కణకేంద్రకంలో పేరుకునేలా చేస్తే హాని బాగా తగ్గింది. కేంద్రకం బయట, సైటోప్లాజంలో పేరుకున్నప్పుడు మాత్రం కేంద్రకంలోకి, బయటకు జరిగే రాకపోకలకు ఆటంకం కలిగింది. అక్కడి నుంచి బయటకు రావాల్సిన ఆర్ఎన్ఏ లోపలే ఉండిపోయింది. హంటింగ్టిన్ ముక్కలతోనూ, ఏఎల్ఎస్ అనే నాడీవ్యాధిలో పేరుకునే టీడీపీ-43 ప్రోటీన్‌తోనూ ఇలాంటి ఆటంకమే కనిపించింది.

ఏం పేరుకుందన్నదే కాదు, ఎక్కడ పేరుకుందన్నదీ ముఖ్యమే. రోగి మెదడును మాత్రమే చూస్తూ ఈ మాట ఇంత గట్టిగా చెప్పడం సాధ్యమయ్యేది కాదు.

హైదరాబాద్‌లో ఏం చేశారు?

కణంలో పేరుకునే ప్రోటీన్లతో పాటు, వాటిని అడ్డుకునే కాపలా ప్రోటీన్లు కూడా ఉంటాయి. వీటిని షాపరోన్లు అంటారు. కంటి కటకంలో సమృద్ధిగా ఉండే ఆల్ఫా క్రిస్టలిన్ అలాంటిదే. ఇందులో ఏ, బీ అని రెండు రకాలు. బీ రకం మెదడు, గుండె కండరాల్లో కూడా ఉంటుంది.

ఇవి కూడా తమంతట తాము జతకట్టే ప్రోటీన్లే. పదుల సంఖ్యలో కలిసి పెద్ద గుంపుగా ఏర్పడతాయి. తేడా ఏమిటంటే ఈ గుంపు హాని చేయదు, కాపాడుతుంది. గుంపులోని సభ్యులు ఒక గుంపు నుంచి మరో గుంపుకు మారుతూ ఉంటాయి.

హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీలో, అంటే సీసీఎంబీలో, సీహెచ్ మోహన్‌రావు బృందం ఏళ్ల తరబడి ఈ ప్రోటీన్లను అధ్యయనం చేసింది. ఆయన తర్వాత ఆ సంస్థకు డైరెక్టర్‌గా కూడా పనిచేశారు.

2000లో ఈ బృందం ఏ, బీ రకాల ముందు భాగాలను అటూ ఇటూ మార్చి, ప్రకృతిలో లేని మిశ్రమ ప్రోటీన్లను తయారు చేసింది. దాంతో గుంపు తీరు మారింది. అసలువాటి కంటే కాపలా సామర్థ్యం పెరగడం కూడా కనిపించింది. 2003లో, రెండింటిలోనూ ఉండే తొమ్మిది అమైనో ఆమ్లాల ముక్కను తొలగించి చూశారు. గుంపులు చిన్నవయ్యాయి. సభ్యుల మార్పిడి వేగం పుంజుకుంది. కాపలా సామర్థ్యం మళ్లీ పెరిగింది.

2005లో ఒసాకా యూనివర్సిటీకి చెందిన యూజీ గోటో తదితర జపాన్ శాస్త్రవేత్తలతో కలిసి నేరుగా అమిలాయిడ్ మీదకు వెళ్లారు. ఆల్ఫా బీ క్రిస్టలిన్ ఉంటే అమిలాయిడ్ బీటా పోగులు పొడవు పెరగడం లేదని చూపించారు. దీర్ఘకాలం డయాలసిస్ చేయించుకునేవారి కీళ్లలో పేరుకునే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ విషయంలోనూ అదే జరిగింది.

ఇదంతా పరీక్షనాళికలో జరిగిన పని. అయినా దీన్ని హార్ట్‌ల్ ఫలితాల పక్కన పెట్టి చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. జతకట్టడం దానంతట అది చెడ్డది కాదు. పోగు పట్టుకుని వదలదు. క్రిస్టలిన్ గుంపులో సభ్యులు మారుతూనే ఉంటారు.

ఏఐ వచ్చాక ఏం మారింది?

2003లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ బేకర్ బృందం ప్రకృతిలో లేని ఆకారంతో 93 అమైనో ఆమ్లాల ప్రోటీన్‌ను కంప్యూటర్ సాయంతో రూపొందించింది. 2018లో తమంతట తాము పోగులుగా అల్లుకునే ప్రోటీన్లను కూడా తయారు చేసింది. ప్రోటీన్ డిజైన్‌కు గాను బేకర్‌కు, ప్రోటీన్ ఆకారాన్ని ఏఐతో అంచనా వేసినందుకు డెమిస్ హస్సాబిస్, జాన్ జంపర్‌లకు కలిపి 2024 రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

మరోవైపు, అసలు రోగి మెదడులోని పోగులను అణువుల స్థాయిలో చూడటం సాధ్యమైంది. అల్జీమర్స్ రోగి మెదడు నుంచి తీసిన టౌ పోగుల ఆకారాన్ని 2017లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో చూపించారు. టౌ వేర్వేరు జబ్బుల్లో వేర్వేరుగా ముడుచుకుంటుందని ఆ తర్వాత తేలింది.

ఆకారం తెలిస్తే దానికి సరిపోయే అడ్డుకట్టను డిజైన్ చేయవచ్చు. టౌలో పేరుకోవడానికి కీలకమైన ఆరు అమైనో ఆమ్లాల ముక్క ఆకారం ఆధారంగా, పోగు చివర మూతలా కూర్చునే చిన్న పెప్టైడ్‌ను డేవిడ్ ఐసెన్‌బర్గ్, బేకర్ బృందాలు 2011లోనే రూపొందించాయి. పరీక్షనాళికలో అది పోగు పెరగకుండా ఆపింది.

ఈ పద్ధతికి హద్దులు లేవా?

ఉన్నాయి. డిజైన్ ప్రోటీన్ ప్రయోగాలు గంటల్లో, రోజుల్లో ముగుస్తాయి. మనిషి మెదడులో ఇదే ప్రక్రియ దశాబ్దాలు సాగుతుంది. ల్యాబ్‌లో పెంచే కణాలు చాలావరకు విభజన చెందేవి. నాడీకణాలు అలా కాదు. వాపు, రక్తనాళాల సమస్యలు, వయసు, చదువు, జన్యువులు వంటివేవీ ఆ గిన్నెలో ఉండవు.

అల్జీమర్స్‌లో ఏయే కణాలు ముందు పోతాయి, పార్కిన్సన్స్‌లో వేరేవి ఎందుకు పోతాయి అన్న ప్రశ్నకు ఈ పద్ధతి ఒక్కటే జవాబు చెప్పలేదు. పేరుకోవడం హాని చేయగలదని ఇది రుజువు చేసింది. ఫలానా రోగికి హాని పేరుకోవడం వల్లే జరిగిందని రుజువు చేయడం వేరే పని.

కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

ఈ వ్యాసంలో చెప్పిన డిజైన్ ప్రోటీన్లేవీ మందులు కావు. ఇవి ప్రయోగశాల పనిముట్లు.

పప్పు, గుడ్డు, మాంసం, ప్రోటీన్ పౌడర్ల వల్ల మెదడులో ప్రోటీన్ పేరుకోదు. తిన్న ప్రోటీన్ కడుపులో, పేగుల్లో విడిపోతుంది. పేరుకునేవి మన కణాలు సొంతంగా తయారు చేసుకునేవి.

'తోడు' లాంటి ప్రక్రియ అన్నంత మాత్రాన ఇది అంటువ్యాధి కాదు. రోగికి అన్నం పెట్టడం వల్ల, స్నానం చేయించడం వల్ల, పక్కన పడుకోవడం వల్ల అల్జీమర్స్, పార్కిన్సన్స్ సోకవు.

మతిమరుపు కనిపిస్తే న్యూరాలజిస్ట్‌కు చూపించాలి. బీ12 లోపం, థైరాయిడ్ సమస్య, డిప్రెషన్, కొన్ని మందుల వల్ల కూడా మతిమరుపు వస్తుంది. వాటికి చికిత్స ఉంది. పుదుచ్చేరిలో జిప్‌మర్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో న్యూరాలజీ విభాగాలున్నాయి.

జ్ఞాపకశక్తి పరీక్షలు మాటలతో ముడిపడి ఉంటాయి. యానాం నుంచి వచ్చిన పెద్దావిడను తమిళంలో ప్రశ్నలడిగితే, తప్పు జవాబు మతిమరుపు వల్ల వచ్చిందో, భాష రాక వచ్చిందో తెలియదు. రోగికి బాగా వచ్చిన భాషలోనే పరీక్ష చేయమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇక పరిశోధన విషయానికొస్తే, ముందున్న ప్రశ్న ఇప్పుడు కొంత స్పష్టంగా ఉంది. పేరుకున్న గడ్డలను తర్వాత తుడిచేయడం కాదు, అవి ఇతర ప్రోటీన్లను లాక్కుపోయే తొలి దశలోనే అడ్డుకోగలమా? అడ్డుకునే ప్రోటీన్‌ను రూపొందించే సాధనాలు చేతికి వచ్చాయి. దాన్ని మెదడులోకి, సరైన కణంలోకి, సరైన సమయంలో చేర్చడం ఎలాగన్నదే ఇంకా తేలాల్సి ఉంది.